చెప్పు కంటే ముందే గాలి



పోయిన నెల మా ఆరో తరగతి గదిలో బోర్డు వెనక నుంచి అరచేయంత సాలెపురుగు బయటికొచ్చింది. పిల్లలకంటే ముందు నేనే అరిచాను. ఆయమ్మ చెప్పుతో కొట్టబోయేలోపే అది మాయమైంది. ఒక బాబు లేచి, "మిస్, చెప్పు తగలకముందే దానికెలా తెలిసింది?" అన్నాడు. "కూర్చో, బుక్ తియ్" అన్నాను. తప్పు నాదే.

నేను చెప్పాల్సిన జవాబు ఇది. సాలెపురుగుకు చెవుల్లేవు. కళ్లు ఎనిమిదున్నా, రాత్రిపూట వేటాడే ఈ రకం ఎక్కువగా కాళ్లనే నమ్ముకుంటుంది. కాళ్లమీది సన్నని వెంట్రుకలు గాలి కాస్త కదిలినా ఊగుతాయి. చెప్పు కంటే ముందు, చెప్పు తోసిన గాలి దానికి చేరుతుంది. కాళ్ల పైపొరలోని సన్నటి చీలికలు గోడ అదురును పసిగడతాయి. రుచి చూసేది కూడా కాలి కొసలతోనే.

దీన్ని ఇంగ్లిషులో హంట్స్‌మన్ స్పైడర్ అంటారు. 1767లో లిన్నేయస్ పెట్టిన పేరులోనూ వేట అనే అర్థమే ఉంది. ధర్మవరం పక్కనున్న మనకు సాలె అంటే నేత అని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఇది వేటకు గూడు అల్లదు. మన పాత మిద్దెల గోడలమీద తిరుగుతూ బొద్దింకల్ని పట్టి తింటుంది. ఆడది గుడ్ల సంచిని బిళ్లలా పొట్టకింద పెట్టుకుని మోస్తుంది. నలిపితే కరవొచ్చు, నొప్పి పుడుతుంది, అంతకుమించి ప్రమాదం లేదు. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగే అని పిల్లలకు కథ చెబుతాం. ఇంట్లో కనబడితే చీపురు తీస్తాం.

"సాలెపురుగుకు ఎన్ని కాళ్లు?" అంటే పిల్లలు "ఎనిమిది" అని రాసి మార్కు తెచ్చుకుంటారు. గోడమీద దాన్ని చూసి లెక్కపెట్టినవాళ్లు మా క్లాసులో ఒక్కరూ లేరు. భయాన్ని మాత్రం ఏ పుస్తకమూ నేర్పకుండానే, మన ముఖాలు చూసి నేర్చుకుంటారు. ఫీజు కడుతున్నారు కాబట్టి మార్కులెన్ని అని అడిగే హక్కు మీకుంది. "ఈరోజు మిస్‌ని ఏం ప్రశ్న అడిగావు?" అని కూడా మీ పిల్లల్ని అడగండి. మేం జవాబు చెప్పకపోతే మమ్మల్నీ అడగండి.

ఈసారి ఇంట్లో కనబడితే చెప్పు తీయకండి. పిల్లలతో కలిసి కాస్త దూరంగా నిలబడి రెండు నిమిషాలు చూడండి. ఆ తర్వాత గిన్నె బోర్లించి, కింద అట్టముక్క జరిపి, బయట వదిలేయండి. పిల్లల్ని చేత్తో ముట్టుకోనివ్వకండి.

ఆ బాబుకు వారం తర్వాత జవాబు చెప్పాను. విని, "అయితే చాలా మెల్లగా వెళ్తే తెలీదా మిస్?" అన్నాడు. ఈసారి కూర్చోమనలేదు.

— మీ పిల్లల క్లాస్ టీచర్, పెనుకొండ