చెప్పినవారికే చేటు

2021 మే మాసపు మొదటి వారములో ఢిల్లీలో ఒక ఉత్తరువు వెలువడినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలనుండి వచ్చువారు పదునాలుగు దినములు నిర్బంధవసతిలో విడిగా నుండవలయునట! టీకాపత్రమో, పరీక్షాపత్రమో చూపగలవారికి కొంత సడలింపు. హేతువేమనగా, ఆంధ్రదేశమున క్రొత్తరకపు కరోనా పుట్టినదనియు, అది పూర్వపుదానికంటె పదునైదు రెట్లు తీవ్రమైనదనియు సాగిన ప్రచారము. దానికి 'ఆంధ్రా రకము' అని నామకరణోత్సవము కూడ జరిగిపోయినది.

నిజము వేరు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు వైరసు జన్యువును అక్షరమక్షరముగా చదువుచునే యుండిరి. అది సుమారు 30,000 అక్షరముల గ్రంథము. వ్రాయసకాడు తాటాకు ప్రతికి నకలు తీయునపుడు ఒకచో అక్షరము జారవిడిచినట్లు, వైరసు తన్ను తాను నకలు చేసికొనునపుడు తప్పులు దొరలుచుండును. పెక్కు తప్పులవలన ఏమియు కాదు. ఏ యొక్కటియో దానికి లాభించును. తప్పులను పోల్చి ఏ ప్రతికి ఏది మాతృకయో పండితులు తేల్చునట్లే, శాస్త్రజ్ఞులు వ్యాధి నడచిన త్రోవను తేల్చెదరు.

ఎన్440కే అను మార్పు దక్షిణాదిన కొన్ని నెలలుగా తెలిసినదే. ప్రయోగశాలలో పెంచిన కణములలో ఆ మార్పుగల రకము హెచ్చుగా వృద్ధిచెందిన మాటయు నిజమే. గాజుపాత్రలోని ఆ ముచ్చట వీథికెక్కి 'పదునైదు రెట్లు' అయినది. ఆ రకము క్షీణించుచున్నదనియు, దాని తావును వేరొకటి ఆక్రమించుచున్నదనియు సీసీఎంబీవారు వివరించిరి. ఆ వేరొక కుటుంబమునుండియే డెల్టా వచ్చినది.

మరి డెల్టా విషయమున ఏమి జరిగినది? 2020 డిసెంబరులో పది ప్రయోగశాలలతో ఇన్సాకాగ్ అను జాతీయ కూటమి ఏర్పడెను. వ్యాధి సోకినవారి నమూనాలలో నూటికి ఐదు చదువవలెనని సంకల్పము. 2021 మార్చి 24న కేంద్ర ఆరోగ్యశాఖ చేసిన ప్రకటనలో, రాష్ట్రములు పంపిన నమూనాల లెక్క 10,787. జనవరి మొదలు అప్పటికి దేశమున క్రొత్తగా వ్యాధి సోకినవారు పదిలక్షలకు మించిరి. నూటికి ఐదనిన ఏబదివేలు దాటవలసినది కద! మహారాష్ట్ర నమూనాలలో నూటికి 15 నుండి 20 వరకు రెండు మార్పులు జంటగా కనబడినవని ఆ ప్రకటనయే చెప్పినది. ఐనను కేసుల పెరుగుదలకు ఇదియే కారణమనుటకు సంఖ్య చాలదనియు చెప్పినది. శాస్త్రజ్ఞుడు అంతకుమించి పలుకరాదు, సరియే. కాని సంఖ్య చాలకపోవుటకు చదివినవి చాలకపోవుటయు కారణమే. మే మొదటి వారమునకు దినమునకు నాలుగు లక్షలకు పైబడిన కేసులు నమోదైనవి.

ఊరిపేరును రోగమునకు తగిలించుట క్రొత్త పాపము కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా స్పెయినులో పుట్టినదని రుజువు లేదు. యుద్ధములో చేరని ఆ దేశపు పత్రికలు వార్తను దాచక ప్రకటించినందున అది 'స్పానిష్ ఫ్లూ' అయినది. 2021 మే 31న ప్రపంచ ఆరోగ్యసంస్థ కరోనా రకములకు గ్రీకు అక్షరముల పేర్లు పెట్టినది. పేరు మారినది, బుద్ధి మారినదా?

అదే సంవత్సరము నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు చూచినది చూచినట్లు ప్రపంచమునకు తెలిపిరి. అదియే ఒమిక్రాన్. రెండు దినములు తిరుగకమునుపే పెక్కు దేశములు వారి విమానములను నిలిపివేయ నారంభించినవి. తెలియని శత్రువు వచ్చునపుడు తలుపు మూయుట సహజమేయని వాదించువారున్నారు. ఆ వాదమును తోసిపుచ్చ నక్కరలేదు. కాని ఏ తలుపు? నెదర్లాండ్సు ప్రభుత్వము తన దేశమున నవంబరు 19, 23 తేదీలలో తీసిన పాత నమూనాలను తిరిగి చదివించినది. వానిలో ఒమిక్రాన్ కనబడినది. ఆ సంగతి బయటపడునప్పటికి దక్షిణాఫ్రికా విమానములు నిలిచియే యున్నవి.