పిల్లవాడొకడు, పెద్దలిద్దరు

మొన్న మా మనవడు ఫ్రెంచి విప్లవం పాఠం చదువుకుంటూ, "తాతా, వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటూ ఉండగా పరాయివాడు వచ్చి రాజ్యమే ఎత్తుకుపోయి ఉంటే?" అని అడిగాడు.

కుర్రవాడి ప్రశ్న ఉత్త ఊహేమీ కాదు. 1793 జూన్‌లో జాకోబిన్ల కక్ష జిరాండిన్ల కక్షను సభలోంచి వెళ్ళగొట్టింది. లియాన్, మార్సేయి, బోర్డో పట్టణాలు తిరగబడ్డాయి. తూలాన్‌వారు ఇంకా ముందుకు పోయి, ఆగస్టులో తమ రేవునూ, అందులోని యుద్ధనౌకలనూ ఇంగ్లీషువారి చేతిలో పెట్టారు. డిసెంబరులో విప్లవ సైన్యం దాన్ని మళ్ళీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. బొనపార్టీ అనే ఫిరంగి దళపు కుర్ర అధికారి పేరు లోకానికి తెలిసింది అక్కడే.

పట్టుకోలేకపోయి ఉంటే ఏమయ్యేదో చూడడానికి ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. అంతకు 60 ఏళ్ళ ముందే మన తిరుచిరాపల్లి కోటలో ఆ కథ నడిచింది.

మధుర నాయకరాజ్యానికి అప్పటికి రాజధాని తిరుచిరాపల్లి. 1732లో విజయరంగ చొక్కనాథుడు సంతానం లేకుండా పోయాడు. తెలుగులో వచన గ్రంథాలు రాసిన ప్రభువు ఆయన. రాణి మీనాక్షి, దాయాది అయిన బంగారు తిరుమల నాయకుని కొడుకు విజయకుమారుణ్ణి దత్తు తీసుకుని, పిల్లవాడి పేరిట రాజ్యం చేయసాగింది. ఇందులో వింతేమీ లేదు. ఇదే విజయరంగడు పసివాడుగా ఉన్నప్పుడు నాయనమ్మ మంగమ్మ అలాగే ఏలింది. మధుర రైలు స్టేషను ఎదుట సత్రం ఆమె పేరనే ఉన్నది కదా.

కాని బంగారు తిరుమల ఊరుకోలేదు. రాజ్యం తనకే రావాలన్నాడు. కన్నకొడుకు రాజు కాబోయే చోట తండ్రికి అంత తొందర ఏమిటో! కోటలో రాణి, వెలుపల ఆయన, చెరొక పక్షాన మనుషులు.

1734లో ఆర్కాటు నవాబు సైన్యం దక్షిణానికి వచ్చింది. నవాబు కొడుకు సఫ్దర్ అలీ, అల్లుడు చందాసాహెబు దాని నాయకులు. బంగారు తిరుమల 30 లక్షలు ఇస్తానని సఫ్దర్ అలీ చేత తన పక్షాన తీర్పు చెప్పించుకున్నాడు. తీర్పు అమలుపరచే పని చందాసాహెబుకు అప్పగించి సఫ్దర్ అలీ వెళ్ళిపోయాడు. రాణి చందాసాహెబుకు కోటి రూపాయలు ఇస్తానన్నది. ఆయన ఆమెను కాపాడతానని ప్రమాణం చేశాడు. సొమ్ము ఇద్దరిదీ ఒక ఖజానాలోదే!

1736లో చందాసాహెబు మళ్ళీ వచ్చాడు. దిండిగల్లు దగ్గర అమ్మయనాయకనూరులో బంగారు తిరుమల సేన ఓడింది. ఆయన శివగంగకు పారిపోయాడు. కోటలోనే బందీ అయిన మీనాక్షి విషం తాగి ప్రాణం విడిచింది. రెండు పక్షాలూ ఒకే ఏడు ముగిశాయి. చందాసాహెబుకూ అది దక్కలేదు. 1741లో మరాఠాలు కోట పట్టుకుని ఆయన్ను సతారాకు తీసుకుపోయారు. ఆ తరువాత నవాబులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఆ కోట కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 1801లో అంతా కుంపిణీ పాలయింది.

వాళ్ళిద్దరూ 1734లోనే రాజీపడి ఉంటే? పెద్ద రాజ్యం నిలిచేదని నేననను. ఖజానా అప్పటికే పలచబడింది. ఆర్కాటు సేన కప్పం కోసం ఎలాగూ వచ్చేది. మంగమ్మ మొగలాయీలకు కప్పం కట్టే ఇల్లు కాపాడుకున్నది. అలా కట్టుకుంటూ, పక్కనున్న పుదుక్కోట 1948 దాకా నిలిచినట్టు, ఒక చిన్న సంస్థానంగానైనా నిలిచేదేమో. అప్పుడు తెలుగు కవికి తిరుచిరాపల్లిలో ఒక కొలువు మిగిలేది. తంజావూరిని ఏలిన మరాఠా రాజులే తెలుగును ఆదరించారు, మనవారు ఆదరించరా? మన కోయంబత్తూరు, మధుర ఇళ్ళలో తెలుగు మాట నిలిచి, తెలుగు అక్షరం జారిపోవడానికి ఆ కొలువు పోవడం కూడా ఒక కారణమని నాకు తోస్తుంది.

మనవడు అంతా విని, "మరి ఆ పిల్లవాడు?" అన్నాడు. తండ్రితోపాటు శివగంగ సీమకే వెళ్ళాడు. ఆ వంశంవారు తరువాత అక్కడే ఒక పల్లెలో కాలం గడిపారు.