దొంక మూతబడకముందే సైకిల్ బాట అడుగుదాం

మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా బోరు దగ్గర ఐదుగురు సైకిళ్లు ఆపారు. పట్నం నుంచి కొంపల్లి మీదుగా వచ్చారు. నీళ్లడిగితే ఇచ్చాం. "ఈ దొంక పట్టుకుంటే అవతలి ఊరికి పోతమా అంకుల్?" అని అడిగారు. పోతారని చెప్పాం. మా తాతల నాటి నుంచి బండ్లు నడిచిన బాట అది. అరగంటకు వాళ్లు వెనక్కి వచ్చారు. మధ్యలో గోడ ఉందన్నారు, గేటుకు తాళం వేసి ఉందన్నారు. పోయి చూస్తే నిజమే. ఒక వెంచర్ వాళ్లు దొంకను లోపలేసుకొని ప్రహరీ కట్టారు.

ఆ గోడ రాత్రికి రాత్రి లేవలేదు. మన ట్రాక్టర్లు డాంబర్ రోడ్డు పట్టాక ఆ దిక్కు నడవడం మానేసింది మనమే. మనం మరిచిన దారిని పట్నం పిల్లలు వెతుక్కుంటూ వచ్చి, అది మూసేశారని మనకే చెప్పి పోయారు. ఆ రోజు నుంచి ఈ సైకిళ్ల సంగతి మా సమావేశాల్లో నలుగుతూనే ఉంది. గుండ్లపోచంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట పల్లెల గుండా సైకిల్ బాటలు కావాలని మన సంఘమే అడగాలన్నది మా అభిప్రాయం. అయితే అవి ఎలా ఉండాలో చెప్పాల్సిందీ మనమే.

మొదట వచ్చే ప్రశ్న మాకు తెలుసు. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతుకు పట్నపోళ్ల సైకిల్ షికారుతో ఏం పని? ఈ ప్రశ్న అడిగిన సభ్యులను మేం తప్పుపట్టం. మద్దతు ధర, కౌలు రైతుకు గుర్తింపు, కరెంటు, ఎరువులు మన మొదటి డిమాండ్లు. అవి అలాగే ఉంటాయి. కానీ పొలానికి పోయే బాటే లేకుంటే పంట ఇంటికి ఎట్లా వస్తుంది? మా దగ్గర దారి పోయినంక భూమి పోవడం ఎంతో దూరంలో ఉండదు. చుట్టూ గోడలు లేచి, బండి తిరగని రెండెకరాలను ఆసామి చివరికి ఏ ధరకు అమ్ముకుంటాడో మనందరికీ తెలుసు.

చట్టం సంగతి ఒకటి ఇక్కడ గుర్తుంచుకోవాలి. దారులు రెండు రకాలు. గ్రామ నక్షాలో గీసి ఉన్న ప్రభుత్వ దొంక, బండ్లబాట ఒక రకం. దాన్ని ఎవరూ పట్టా చేసుకోలేరు, నక్షాయే సాక్షి. ఇంకొకరి పట్టా భూమిలోంచి మనం నడిచే దారి రెండో రకం. ఎవరి దయా లేకుండా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడితే దాని మీద హక్కు వస్తుంది. అయితే ఆ వాడకం దావా వేసే రోజుకు ముందు రెండేళ్లలోపు దాకా సాగి ఉండాలి. అంటే నడక మానేసి, గోడ చూసి ఊరుకొని, ఐదేళ్లకు కోర్టుకు పోతే చేతిలో ఏమీ మిగలదు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాస్‌బుక్కులో ఎన్ని గుంటలున్నాయో చూసుకుంటున్నాం గానీ ఆ గుంటలకు పోయే బాట ఏమైందో చూసుకోవడం లేదు.

సైకిల్ బాట అవసరం ఇక్కడే కనబడుతుంది. నలుగురూ నడిచే బాట మీద గోడ కట్టాలంటే ఎవరైనా జంకుతారు. నంబరు రాసిన రాయి పాతి, పటంలో ఎక్కించి, వారం వారం వందమంది తిరిగే దొంకను లోపలేసుకోవడం అంత సులువు కాదు.

దీనికి కొత్తగా ఒక్క గుంట భూమి కూడా సేకరించాల్సిన పని లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కోసం ఈ చుట్టుపక్కల పల్లెలు ఎంత భూమి ఇచ్చాయో మరిచిపోలేదు. అందుకే 'బాట' అనగానే మన గుండె గుభేలుమంటుంది. బెల్జియం దేశంలో లింబర్గ్ అనే ప్రాంతం ఉంది, ఒకప్పుడు బొగ్గు గనుల సీమ. అక్కడ హ్యూగో బొలెన్ అనే గని ఇంజినీరు ఒక ఉపాయం చెప్పాడు. ఉన్న పొలం బాటలనే తీసుకొని, అవి కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరు ఇవ్వాలన్నాడు. వచ్చినవాడు 'నేను 12 నుంచి 15కు, అక్కడి నుంచి 21కి పోతా' అని తన శక్తికి తగ్గట్టు దారి కూర్చుకుంటాడు. అలసిపోతే దగ్గరి నంబరు నుంచి వెనక్కి మళ్లుతాడు. 1995లో మొదలైన ఆ పద్ధతి తర్వాత బెల్జియం, నెదర్లాండ్స్ అంతటా పాకింది. దానికి కావలసింది గుర్తు పలకలు, పటం, బాటల మరమ్మతు. అంతే.

మన దగ్గరా సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న నగరానికి పడమట ఔటర్ సర్వీసు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభమైంది. పైన సోలార్ పలకల కప్పు, కింద చదునైన బాట. తొక్కేవాళ్లకు మంచిదే, కాదనం. కానీ అది రహదారి వెంబడి పోయే ట్రాక్. దాని మీద పోయేవాడికి వరిమడి కనబడదు, రైతు ఎదురుపడడు, పల్లె అంగడిలో పది రూపాయలు ఖర్చు కావు. మనం అడిగేది అలాంటిది కాదు. కోట్లు పెట్టి కప్పు వేయమని అడగడం లేదు. దొంకల మీద మట్టి పోసి, గుంతలు పూడ్చి, ముళ్లకంప కొట్టించమంటున్నాం. ఆ పని మన బండ్లకూ పనికొస్తుంది.

బాట అందరికీ పనికిరావాలి. పందేలకు తొక్కే కుర్రాళ్లకు మాత్రమే అయితే మాకు అక్కర్లేదు. మా లెక్కన మూడు బాటలు కావాలి. మొదటిది చిన్నబాట. గుండ్లపోచంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర మొదలై, పొలాల మధ్య చుట్టివచ్చి మళ్లీ అక్కడే ముగియాలి. ఎక్కడా హైవే దాటకూడదు. పిల్లలు, ముసలివాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు, మూడు చక్రాల బండి మీద వచ్చే వికలాంగులు తిరగగలగాలి. రెండోది నడిమిబాట. ఔటర్ దాటి గౌడవెల్లి, గిర్మాపూర్ వైపు పల్లెల గుండా, సగం డాంబరు సగం మట్టిగా సాగేది. మూడోది పొడుగుబాట. మేడ్చల్ నుంచి తూర్పుకు, బండరాళ్ల గుట్టలు, చెలకలు, కుంటలు దాటుకుంటూ శామీర్‌పేట చెరువు దాకా పోయేది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు అది తొక్కుతారు.

వికలాంగుల మాట దయతో అనడం లేదు. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, ఒంటికాలితో తొక్కి 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రజత పతకాలు తెచ్చాడు. మన పల్లెల్లో కరెంటు షాకుకు, నూర్పిడి యంత్రానికి చేయో కాలో పోగొట్టుకున్న రైతులు లేరా? వాళ్లను మంచానికి వదిలేశాం. చేతులతో తొక్కే బండ్లున్నాయి, ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్లున్నాయి. చూపులేనివాళ్లు కూడా వెనక కూర్చొని తొక్కవచ్చు. పట్నం నుంచి వచ్చే అతిథికే కాదు, మన ఊరి మనిషికీ ఆ బాట అందాలి.

ఆడవాళ్ల మాటకొస్తే తమిళనాడులోని పుదుక్కోట్టై మనకు పాఠం. 1991 ప్రాంతంలో అక్కడి అక్షరాస్యత ఉద్యమం చదువుతో పాటు సైకిలునూ నేర్పింది. కూలి పనులకు పోయే ఆడవాళ్లు వేలమంది సైకిలెక్కారు. బస్సు కోసం, మగవాళ్ల కోసం ఎదురుచూడడం తగ్గింది. మన కూరగాయల మహిళా రైతులు తెల్లారకముందే ఆటో కిరాయికి ఎంత పోస్తున్నారో లెక్క వేయండి. మంచి బాట ఉంటే రైల్వే స్టేషన్ దాకా వాళ్లే పోతారు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ వచ్చింది. అందులో సైకిలుకు, కూరగాయల గంపకు చోటు ఇవ్వమని రైల్వేను అడగడం న్యాయమైన డిమాండే.

ఇక ఆదాయం. ఇది లక్షలు కురిపిస్తుందని మేం చెప్పం, చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ మన నేలకు అతిథి కొత్త కాదు. అనాబ్‌షాహీ ద్రాక్షకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు పేరు మోసినవి. ఇప్పటికీ మిగిలిన కొన్ని తోటల్లో కాపు మీదున్నప్పుడు పట్నం జనం వచ్చి, గుత్తులు తామే కోసుకొని, తూకం వేయించుకొని డబ్బు చేతికిచ్చి పోతారు. దళారీ లేడు, కమీషన్ లేదు. ఆకుకూర కట్టలు, మక్కకంకులు, సీతాఫలాలు, నాటు కోడిగుడ్లు, జొన్నరొట్టె, అంబలి కూడా అట్లాగే అమ్ముడుపోతాయి. మహారాష్ట్రలో పాండురంగ్ తావరే 2005లో బారామతి దగ్గర వ్యవసాయ పర్యాటకం మొదలుపెట్టాడు. 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. మనమెందుకు అడగకూడదు?

నష్టాలు కూడా చెప్పుకోవాలి. ప్లాస్టిక్ సీసాలు గట్ల మీద పడతాయి. నాటు వేస్తున్న ఆడవాళ్లను అడగకుండా ఫోటోలు తీస్తారు. మందు కొట్టే రోజున ఎవరో పొలం పక్కన నిలబడతారు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం 'సైకిల్ ట్రాక్ పక్కనే ప్లాట్లు' అనే బోర్డు. బాట పేరు చెప్పి రియల్ ఎస్టేట్ వ్యాపారి ధర పెంచుకొని, కౌలుదారును వెళ్లగొడితే మనం అడిగిన బాట మన మీదికే తిరుగుతుంది. అందుకే ఈ షరతులు లేకుండా బాట వద్దు. ఒకటి, పని మొదలయ్యేముందే నక్షా ప్రకారం దొంకలన్నీ సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి, ఆక్రమణలు తీయాలి. రెండు, ఎవరి పట్టా భూమీ తీసుకోకూడదు. మూడు, బాట నిర్వహణ కమిటీలో రైతులు, కౌలు రైతులు, మహిళలు సగానికి తగ్గకుండా ఉండాలి. నాలుగు, బాట పక్కన అమ్ముకునే హక్కు మొదట ఆ ఊరి సాగుదారులకే ఉండాలి, పొలం ఎవరి పేరున ఉన్నా సరే. ఐదు, నాట్లు, కోతలు, మందు కొట్టే రోజుల్లో బాట మూసే అధికారం ఊరికి ఉండాలి.

ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ఈ నెలలో చేయగల పని ఒకటుంది. ప్రతి ఊరి సభ్యులూ తహసీల్దార్ కార్యాలయంలో గ్రామ నక్షా నకలుకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకొని, మీ ఇంటి పిల్లల సైకిళ్లే తీసుకొని ఒక ఆదివారం ఆ బాటలన్నీ తిరగండి. ఎక్కడ గోడ ఉంది, ఎక్కడ గేటు ఉంది, ఎప్పుడు కట్టారు, పటం మీద రాయండి. ఫోటో తీయండి, తేదీ వేయండి. వచ్చే మండల సమావేశానికి ఆ పటాలు పట్టుకొని రండి.

మా ఊరి దొంకకు అడ్డం కట్టిన గోడ మీద దరఖాస్తు ఇప్పటికే ఇచ్చాం. ఆ ఐదుగురు సైకిలువాళ్లు మళ్లీ వస్తామన్నారు. వాళ్లు వచ్చేనాటికి ఆ బాట అవతలి ఊరిదాకా పోవాలి. వాళ్లకంటే ముందు మన బండి పోవాలి.