పక్క సీట్లో రోజా

ఏకాదశి ఉపవాసమంటే చాలా ఇళ్లలో పాలూ పళ్లూ ఉంటాయి. అందుకేనేమో, ఆఫీసులో పక్క సీటాయన రంజాన్ నెలలో రోజా ఉంటే 'పోనీ, కాసిని మంచినీళ్లయినా తాగండి' అని బలవంతం చేస్తుంటారు. తెల్లవారుజామున సహర్ ముగిసింది మొదలు సూర్యాస్తమయం దాకా చుక్క నీరు కూడా ముట్టరు. చాంద్రమానం కనుక ఈ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. 2019లో మే ఎండల్లోనే వచ్చింది.

అలాగని ఆయన కంట పడకుండా టిఫిన్ బాక్సు పట్టుకుని మేడెక్కనక్కర్లేదు. సాయంత్రం మీటింగును మధ్యాహ్నానికి జరిపితే, అదీ సాయం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో మగ్రిబ్ అజాన్ వేళకి ఇల్లు చేరడం మాటలా!

'ఈరోజు రోజా లేరేం?' అని మాత్రం అడక్కూడదు. రోగులకూ ప్రయాణికులకూ మినహాయింపు ఉంది. నెలసరి రోజుల్లో స్త్రీలు రోజా ఉండరు, ఆ లెక్క తర్వాత తీర్చుకుంటారు. నలుగురిలో ఆ సంగతి చెప్పించడం ఎందుకు?

మధుమేహం ఉన్న స్నేహితుడైతే మొహమాటం పనికిరాదు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే షుగర్ చూడాలి. వేలి నుంచి రక్తపు చుక్క తీసినంత మాత్రాన రోజా పోదు. రీడింగు 70 కన్నా తగ్గితే రోజా విరమించాల్సిందే. మీటరు దొరక్కపోతే దానికోసం ఆగొద్దు. 'ఇంకో అరగంటేగా' అంటాడు. వినకూడదు. గ్లాసుడు పంచదార నీళ్లు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే కూర్చోవాలి.