శుద్ధి పట్టణానికి, కంపు పల్లెలకా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు పెరిగేకొద్దీ వాటి మురుగూ పెరుగుతున్నది. ఈ మెట్ట సీమలో ఒక చెరువు మరవ పారితే నీరు కింది చెరువుకు చేరుతుంది. మురుగుకూ అదే దారి. కనుక మురుగు శుద్ధి కేంద్రాల సంగతి పట్టణవాసులకే వదిలేయదగినది కాదు.

2021 అక్టోబరులో మొదలైన రెండో విడత స్వచ్ఛ భారత్ కింద లక్షలోపు జనాభా గల పట్టణాలకు కూడా మురుగు శుద్ధికి నిధులు కేటాయించారు. పుంగనూరు, కుప్పం ఆ కోవలోవే. నిధులుంటే కట్టడం లేస్తుంది, సరే. దానిని నడిపేదెవరు?

పక్క ఊళ్లవారు భయపడేది కంపుకు. ఆ భయం అకారణం కాదు. గాలి ఆడని మురుగులో సూక్ష్మజీవులు కుళ్లిన గుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి. అది సిమెంటు గొట్టాలను సైతం తినివేస్తుంది. కరెంటు బిల్లుకు జంకి గాలి పంపే యంత్రాలను ఆపివేస్తే జరిగేది ఇదే. మురుగు వచ్చిపడే తొట్టికి మూత వేసి, లోపలి గాలిని కంపోస్టు, చెక్కముక్కల పొరల గుండా పంపితే వాసన చాలావరకు అణగుతుంది. అడుగు బురదను ఎప్పటికప్పుడు తీయాలి. ఇవేమీ బ్రహ్మవిద్యలు కావు.

కుప్పం ప్రాంతం మీదుగా పోయే పాలారు దిగువన తమిళనాడులో తోళ్ల కర్మాగారాల మురుగుతో చెడింది. వ్యవహారం 1996లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. చెడిన బావులు తీర్పుతో తీపెక్కవు గదా!

ఉన్నవాటిని మెరుగుపరచినా, కొత్తవి కట్టినా ముందుగా దిగువ పంచాయతీల మాట వినవలసి ఉన్నది. యంత్రాలకు జనరేటరు, నిర్వహణకు ఏటా బడ్జెటులో పద్దు ఉండాలి. శుద్ధి అయిన నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా పంచాయతీ బోర్డుపై అంటించాలి. ఇందుకు పురపాలక సంఘాలు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పునాదిరాయి వేయాలి.