పిడి పాతదైతేనేం?

మా తాతగారి షెఫీల్డు క్షౌరపుకత్తికి పిడి బీటవారింది. "కొత్తది వేయించరాదూ?" అంది మా ఆవిడ. పారేసే ముందు ఆ పిడి దేనితో చేసిందో చూడాలి కదా! మాది కొమ్ముపిడి, కనుక దిగులు లేదు. కొమ్ము వేడినీటిలో మెత్తబడుతుంది. వంకర తీసి, చల్లారేదాకా బిగించి ఉంచాలి. బీటలో జిగురు నింపి, కొత్త ఇత్తడి చీల దూర్చి, దాని కొసను చిన్నసుత్తితో మెల్లగా పరచాలి.

పిడిని రుద్దితే కర్పూరం వాసన వచ్చిందా, అది సెల్యులాయిడు. పాత సినిమారీళ్ళకు చుట్టం. చివికితే ఆమ్లపు ఆవిరి కక్కి, పక్కనున్న ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. చివికినదాన్ని అతికించకండి, విప్పి దూరంగా ఉంచండి. పాతవస్తువు మీద ప్రేమ మంచిదే. పిడి మీది మమకారంతో అలుగును మాత్రం పోగొట్టుకోరాదు.