వెల్డింగు విద్యయు రైతుబిడ్డలును

తొలకరి పదునులో కల్టివేటరు కాలు విరిగినచో రైతు దానిని బండిమీద వేసికొని పట్టణమునకు పరుగెత్తును. అచ్చట వంతు వచ్చునప్పటికి నేల యారిపోవును. ఈ నష్టము సంఘపు లెక్కలలో నెక్కడను కానరాదు.

అతుకు నేర్చినవాడు గ్రామమునకొక్కడైన నుండవలెనని మా యభిప్రాయము. ఐ.టి.ఐ.లో వెల్డరు విద్య యొక్క సంవత్సరము మాత్రమే. ఎనిమిదవ తరగతి చదువు చాలును. సికిందరాబాదు చెంత ఏ.ఎస్. రావు నగరు ఎవరి పేర వెలసినదో ఆ అయ్యగారి సాంబశివరావు గారు 1967లో నెలకొల్పిన ఇ.సి.ఐ.ఎల్. సైతము తన అప్రెంటిసు ప్రకటనలలో ఫిట్టరులతోపాటు వెల్డరులను గోరినది.

అంగడిలో చూచి నేర్వరాదాయని పెద్దలందురు. మే మొప్పుకొనము. అచ్చట చేతివాటము వచ్చును గాని కారణము తెలియదు. పోత ఇనుమును ముందుగా కాచక యతికిన నేల పగులును? చెమ్మగిలిన రాడ్డుతో వేసిన యతుకులో రంధ్రము లేల పుట్టును? జింకుపూత గొట్టము నతికి పొగ పీల్చినవానికి రాత్రి జ్వర మేల వచ్చును? నల్లయద్దము లేక ఆ వెలుగును జూచిన కుర్రవాడు కన్నులలో ఇసుక పోసినట్లు తెల్లవార్లు బాధపడుట మే మెరుగుదుము. ఖాళీ డీజిలు పీపా నతుకబూనుట యన్ననో ప్రాణాపాయమే.

కావున సంఘలాభమునుండి ఏటేట నొక రైతుబిడ్డకు ఫీజును బస్సు ఖర్చును ఇచ్చి, తిరిగివచ్చిన పిమ్మట యంత్రమునకై అప్పు మంజూరు చేయవలెను. వాడు ఫ్యాక్టరీలో ఉద్యోగము దొరకి ఊరు విడిచిననో? విడువవచ్చును. మరుసటి యేడు మరియొకని బంపుదము. వచ్చు మహాజనసభలో నీ తీర్మానమును మేము ప్రవేశపెట్టనున్నాము.